కొమఱ్ఱాజువారి కొలువు

ఒక గ్రంథమాలను స్థాపించి, దానికి తానే సంపాదకుడై, స్వయముగా చేయితిరిగిన రచయిత కూడ అయిన వ్యక్తి మొదటి పుస్తకముగా దేనిని ప్రకటించును? తన గ్రంథమునే ప్రకటించుకొనుట లోకరీతి. 1907లో విజ్ఞానచంద్రికా గ్రంథమాల ఆరంభమైనప్పుడు సంపాదకులైన కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు అట్లు చేయలేదు. వారికి అప్పటికి 30 ఏండ్లు. మొదటి స్థానమును తమకంటె ఆరేండ్లు చిన్నవాడగు గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రమునకు ఇచ్చిరి. వంగదేశ విభజన కారణముగా వందేమాతరోద్యమము ఉద్ధృతముగా సాగుచున్న కాలమది. బానిసలకు విముక్తి కలిగించిన మహనీయుని కథను తెలుగు విద్యార్థుల చేతికి అందించుటలో ఎంత యోచన ఉన్నదో చదువరులు ఊహింపగలరు. ఆ కథను వ్రాయు బాధ్యతను ఒక యువకునిపై ఉంచుటలో గల యోచన అంతకు తక్కువది కాదు.

లక్ష్మణరావుగారు 1877 మే 18వ తేదీన కృష్ణామండలమున పెనుగంచిప్రోలులో జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. అక్క బండారు అచ్చమాంబగారు, బావ మాధవరావుగారు నాగపురమున ఉండుటచే అచటనే విద్యాభ్యాసము జరిగెను. మహారాష్ట్రభాష స్వభాషవలె పట్టుబడెను. ఆ భాషలో వ్యాసములును వ్రాసిరి. అక్కగారికి బడిచదువు లేదు. తమ్ముడు చదువుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి ఆమెయు చదువుకొనెను. అట్లు నేర్చిన అచ్చమాంబగారే తరువాత అబలా సచ్చరిత్ర రత్నమాలను రచించి, తొలి తెలుగు కథకులలో ఒకరుగా గణుతికెక్కిరి. ప్రక్కన కూర్చుండబెట్టుకొని పని నేర్పు పద్ధతి పంతులుగారికి ఆ ఇంటనే అలవడినదని నా నమ్మకము. 1905లో అక్క అకాలమరణము చెందగా, మరుసటి యేట పుట్టిన తమ కుమార్తెకు ఆమె పేరే పెట్టుకొనిరి. ఆ బాలికయే పిమ్మట ప్రసిద్ధ వైద్యురాలైన డాక్టరు కొమఱ్ఱాజు అచ్చమాంబ.

చదువు ముగిసిన తరువాత మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారి సంస్థానమున ఉద్యోగము లభించెను. మునగాల పరగణా చిత్రమైన ప్రదేశము. చుట్టును నిజాము రాజ్యము; అది మాత్రము మద్రాసు రాజధానిలోని కృష్ణామండలమునకు చేరినది. అచటి ఉద్యోగికి ఇరు రాజ్యముల తెలుగువారితోను పరిచయము కలుగుట సహజము. రాజావారి అండతో, రావిచెట్టు రంగారావుగారి వంటి మిత్రుల తోడ్పాటుతో 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో హైదరాబాదుననే విజ్ఞానచంద్రికా మండలి ఏర్పడి, రెండేండ్లకు మద్రాసునకు తరలెను.

ఆనాడు తెలుగు వచనమున చరిత్రకును ప్రకృతిశాస్త్రములకును చెందిన పుస్తకములు బహుస్వల్పము. ఇంగ్లీషు చదివిన యువకులకు శాస్త్రము తెలియును; తెలుగున వ్రాయు అభ్యాసము తక్కువ. తెలుగు వ్రాయగల పండితులలో పెక్కురకు ఆ శాస్త్రములతో పరిచయము లేదు. పంతులుగారు శాస్త్రము తెలిసినవారినే ఎక్కువగా ఎన్నుకొనిరి. తెలుగు కొఱత తాము దిద్ది తీర్పవచ్చును, శాస్త్రజ్ఞానపు కొఱత దిద్దుటచే తీరునది కాదు. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము అట్లు వెలువడినదే. పిన్నలనే కాదు, తమకంటె పెద్దవారైన చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రమును సైతము మండలియే ప్రకటించెను. నవలల పోటీలు పెట్టి బహుమతులిచ్చుటచే మఱికొందఱు క్రొత్త రచయితలు బయలుదేరిరి.

సంపాదకుని శ్రమ ముఖపత్రముపై కనబడదు. పాఠము చెప్పు వృత్తిలో ఇన్నేండ్లు గడిపిన నాకు ఇది కొంచెము గుచ్చుకొను విషయము. విద్యార్థి వ్యాసమును ఎఱ్ఱసిరాతో నింపి తిరిగి ఇచ్చుట నేను వందలసార్లు చేసితిని. అది అచ్చులోనికి పోవునంతవరకు వానితో కూర్చుండుట చేసినది వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

యువకుని ముందుకు త్రోయుట సులభము. వానికి ఆపద వచ్చినప్పుడు ప్రక్కన నిలుచుట వేఱు. 1908లో స్వరాజ్య పత్రికలో వచ్చిన వ్యాసము రాజద్రోహమని ప్రభుత్వము హరిసర్వోత్తమరావుగారికి 3 సంవత్సరముల కఠినశిక్ష విధించెను. విడుదలై వచ్చిన పిదప ఆయనను పలుకరించుటకును, ఆశ్రయమిచ్చుటకును జనులు వెఱచిరి. పంతులుగారు వెఱవలేదు. మద్రాసున తమ పనిలో భాగస్వామిని చేసికొనిరి. సంస్థానోద్యోగికి ఇది ప్రమాదము లేని పని కాదని మఱువరాదు.

ఆ పని ఆంధ్రవిజ్ఞానసర్వస్వము. ఇంగ్లీషువారికి గల మహాకోశముల వంటిది తెలుగువారికిని ఉండవలెనని 1912 ప్రాంతమున దానిని తలపెట్టిరి. వేదములు, గణితము, వైద్యము, శిల్పము, దేశచరిత్రలు అన్నియు అకారాదిక్రమమున రావలెను. ప్రతి విషయమునకును ఆధారములు వెదకవలెను, లేని పారిభాషికపదములను కల్పింపవలెను. ఒక విశ్వవిద్యాలయము చేయదగిన పనిని కొలదిమంది చేయ పూనిరి.

అందు చేరినవారిలో మల్లంపల్లి సోమశేఖరశర్మ ఒకరు. 1891లో జన్మించిన ఆయన పంతులుగారికంటె 14 ఏండ్లు చిన్న, పట్టభద్రుడు కాడు. పంతులుగారు బహుభాషాకోవిదులు, ఎమ్.ఏ. పట్టము పొందినవారు. అయినను శర్మగారికి అప్పగించినది నకలు వ్రాయు గుమాస్తాపని కాదు. కన్నెమరా గ్రంథాలయమున గ్రంథములు తిరుగవేయుట, శాసనముల అక్షరములు పోల్చుకొనుట, తేదీలు సరిచూచుట, ఇట్టి పరిశోధనయందు రుచి ఆయనకు ఆ సాహచర్యముననే బలపడినది. తెలంగాణమునుండి ఆదిరాజు వీరభద్రరావుగారు వచ్చి ఈ కొలువుననే తరిఫీదు పొందిరి. పంతులుగారి ఇల్లగు వేదవిలాసమున పెద్దల రాకపోకలకును కొదువ లేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1919లో తుదిశ్వాస విడిచినది ఆ ఇంటనే. అట్టి చోట మసలుట యువకులకు మఱొక చదువు.

లోపము లేకపోలేదు. సర్వస్వము మూడు సంపుటములు వెలువడునప్పటికి అకారము మాత్రమే ముగిసెను. ఈ వేగమున క్షకారము చేరుట ఎన్నటికి? విషయమును కుదించుట పంతులుగారికి చేతకాలేదనియు, ఆర్థికభారమును మాత్రము ఇతరులతో పంచుకొనలేకపోయిరనియు అనవలసి యున్నది. ఆంధ్ర శబ్దమునకు చెందిన విషయములకై సామగ్రి కూర్చుచుండగనే, 1923 జూలైలో మద్రాసున మరణించిరి. వయస్సు 46 ఏండ్లు. శివాజీ చరిత్రము, హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము, కొన్ని పరిశోధనవ్యాసములు మిగిలినవి. ఇతరుల వ్రాతలు దిద్దుటలో గడచిన దినములు తమ వ్రాతకే వినియోగించి యుండినచో ఆ పట్టిక ఎంత పెరిగి యుండెడిదో! నేను ఈ ప్రశ్నను తరగతిలో పలుమారులు అడిగితిని. విద్యార్థులు ఎన్నడును ఏకాభిప్రాయమునకు రాలేదు, నాకును తేలలేదు.

సర్వస్వమును 1930ల దశకమున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మరల చేపట్టిరి. హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును అంకితమై 1960 వరకు జీవించిరి. పట్టము లేని సోమశేఖరశర్మగారు ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో చరిత్ర బోధించిరి; రెడ్డిరాజ్యములపై ఆయన వ్రాసిన బృహద్గ్రంథమును 1948లో ఆ పరిషత్తే ప్రకటించెను. హైదరాబాదులోని పరిశోధకమండలి పంతులుగారి మరణానంతరము లక్ష్మణరాయ పరిశోధకమండలి అను పేరు ధరించెను. దానికి కార్యదర్శిగా పనిచేసినవారు ఆదిరాజు వీరభద్రరావుగారు. 1935లో ఆ మండలి తెలంగాణా శాసనముల మొదటి సంపుటమును అచ్చువేసెను.