పేగు జబ్బుకు పేరైన వైద్యుడు

అనువంశికత పాఠం చెప్పినప్పుడల్లా మా తరగతుల్లో ఎవరో ఒకరు అడుగుతారు, ఇంట్లో పెద్దలకున్న జబ్బు తమకూ వస్తుందా అని. బఠానీ మొక్కల లెక్క ఒక్కటే చూపి దానికి జవాబు చెప్పలేం. అందుకే ఈసారి బర్రిల్ క్రోన్ జీవితం తెలుసుకుందాం.

క్రోన్ 1884లో అమెరికాలోని న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి అజీర్తితో పడే అవస్థ చూస్తూ పెరిగారు. అదే ఆయన్ను వైద్యం వైపు నడిపింది. 1907లో కొలంబియా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తిచేసి, అదే నగరంలోని మౌంట్ సినాయ్ ఆసుపత్రిలో చేరారు.

అక్కడికి కొందరు కడుపునొప్పి, విరేచనాలు, జ్వరంతో వచ్చేవారు. ఎక్కువమంది యువతీయువకులే. నానాటికీ చిక్కిపోయేవారు. చిన్నపేగు చివరి భాగం వాచి, పుండ్లు పడి, దారి ఇరుకైపోయేది. దీన్ని పేగుల క్షయగా పొరబడేవారు. కానీ క్షయ క్రిములు దొరకలేదు. క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ కలిసి 14 మంది రోగుల వివరాలు కూర్చి, ఇది వేరే జబ్బని 1932లో ప్రకటించారు. వ్యాసంలో పేర్లు ఇంగ్లిషు అక్షరక్రమంలో వేయడంతో క్రోన్ పేరు ముందు వచ్చింది. జబ్బుకూ అదే నిలిచింది. నిజానికి స్కాట్లాండ్ వైద్యుడు డాల్జీల్ 1913లోనే ఇలాంటి రోగుల గురించి రాశారు.

కారణం మాత్రం అంతుచిక్కలేదు. కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి ఈ జబ్బు కనిపించేది. ఎందుకో తెలియకుండానే క్రోన్ 1983లో, 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరో 18 ఏళ్లకు, 2001లో, రెండు పరిశోధక బృందాలు 16వ క్రోమోజోముపై నాడ్2 అనే జన్యువుకు ఈ జబ్బుతో సంబంధం ఉందని కనుగొన్నాయి. బాక్టీరియాను పసిగట్టడంలో శరీరానికి తోడ్పడే జన్యువది. అందులో కొన్ని మార్పులుంటే ముప్పు పెరుగుతుంది. తర్వాత పేగువాపు జబ్బులతో ముడిపడిన చోట్లు మన జన్యువుల్లో 200కు పైగా బయటపడ్డాయి.

అయినా ఆ మార్పులున్నవారిలో ఎక్కువమందికి ఈ జబ్బు రాదు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవారికి రావాలని లేదు. పొగతాగడం, పేగుల్లోని సూక్ష్మజీవుల తీరు కూడా లెక్కలోకి వస్తాయి.

కాబట్టి పిల్లలకు మేం చెప్పేది ఇదే. జబ్బు వచ్చిందని అమ్మానాన్నలను తప్పుపట్టకండి, తప్పక వస్తుందని బెంగపడకండి. వారాల తరబడి విరేచనాలు, కడుపునొప్పి ఉండి బరువు తగ్గుతుంటే సిగ్గుపడి దాచకండి, ఇంట్లో చెప్పండి. మన దేశంలో పేగుల క్షయ ఇప్పటికీ ఉంది. రెండు జబ్బులకూ మందులు వేరు. ఏదన్నది వైద్యులే పరీక్షించి తేల్చాలి.