విలియం సీలీ గోసెట్

విలియం సీలీ గోసెట్ (జూన్ 13, 1876 – అక్టోబర్ 16, 1937) ప్రముఖ ఆంగ్ల గణాంక శాస్త్రవేత్త. స్టూడెంట్ అన్న కలం పేరుతో ప్రసిద్ధుడు. పరికల్పనల పరీక్షలో ఉపయోగించే టి-పట్టికకు ఇతడు ఆద్యుడు.

జీవిత విశేషాలు

గోసెట్ ఇంగ్లాండులోని కాంటర్‌బరీలో జన్మించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో రసాయన శాస్త్రం, గణితం అభ్యసించి, 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో చేరాడు. అక్కడి ప్రయోగాలలో లభించే కొలతలు బహు కొద్ది. అంత చిన్న నమూనాలకు అప్పటి సూత్రాలు సరిపోయేవి కావు. 1906-07లో లండన్‌లో కార్ల్ పియర్సన్ వద్ద అధ్యయనం చేసాడు. ఉద్యోగులు సొంత పేరుతో పరిశోధనలు ప్రచురించడానికి సంస్థ అంగీకరించనందున, 1908లో తన వ్యాసాన్ని మారుపేరుతో బయోమెట్రికా పత్రికలో వెలువరించాడు.

టి-పట్టిక

ప్రామాణిక విచలనాన్ని చిన్న నమూనా నుండే అంచనా వేసినపుడు ఆ అంచనాలోనూ దోషం ఉంటుంది. కనుక సందిగ్ధ విలువ పెరగాలి. 5 శాతం సార్థకతా స్థాయిలో ద్విపార్శ్వ పరీక్షకు సామాన్య విభాజనం ఇచ్చే విలువ 1.96, నాలుగు కొలతల నమూనాకు టి-పట్టిక ఇచ్చేది 3.182. ఇక్కడ 1.96నే వాడితే, నిజమైన శూన్య పరికల్పన 5 శాతానికి బదులు సుమారు 14 శాతం సార్లు తిరస్కరించబడుతుంది. గోసెట్ 3000 మంది ఖైదీల శరీర కొలతలను అట్టముక్కలపై రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 నమూనాలు తీసి తన ఫలితాన్ని సరిచూసుకున్నాడు.

ప్రభావం

రోనాల్డ్ ఫిషర్ 1925లో తన గ్రంథంలో ఈ విలువలను సార్థకతా స్థాయిల వారీగా ముద్రించడంతో టి-పరీక్ష ప్రపంచమంతటా వ్యాపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023) కేంబ్రిడ్జిలో ఈ ఫిషర్ పర్యవేక్షణలోనే పరిశోధన చేసాడు.