నవ్వించిన గొంతు మూగబోయిన నాడు

అది 1949 జనవరి 9వ తేదీ, ఆదివారం. సాయంత్రం బ్రిటన్‌లో లక్షలాది ఇళ్లలో కుటుంబమంతా రేడియో దగ్గర చేరింది. గురువారం రాత్రి వచ్చే హాస్య కార్యక్రమాన్ని ఆదివారం మరోసారి ప్రసారం చేయడం బి.బి.సి.కి ఆనవాయితీ. మొదటిసారి విననివారు విన్నారు, విన్నవారు మళ్లీ విన్నారు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ నవ్వులు సద్దుమణగక ముందే రేడియోలో మరో గొంతు వినిపించింది. అది అనౌన్సరు గొంతు కాదు. బి.బి.సి. డైరెక్టర్ జనరల్ సర్ విలియం హేలీ స్వయంగా మైకు ముందుకు వచ్చారు. అంతసేపూ నవ్వించిన టామీ హ్యాండ్లీ ఇక లేరని ఆయన దేశానికి తెలియజేశారు.

మెదడులో రక్తనాళం చిట్లి హ్యాండ్లీ ఆకస్మికంగా కన్నుమూశారు. ఇంకో ఎనిమిది రోజులు గడిస్తే ఆయనకు యాభై ఏడేళ్లు నిండేవి. మూడు రోజుల క్రితం గురువారం నాడు మామూలుగానే వచ్చి, మామూలుగానే నవ్వించి వెళ్లిన మనిషి. అది కార్యక్రమానికి 310వ భాగమని లెక్క. అదే చివరిదవుతుందని విన్నవారెవరూ అనుకోలేదు.

ఒక విదూషకుడి మరణవార్తను అంత పెద్ద అధికారి చదవడమేమిటని ఈ కాలం పాఠకులకు అనిపించవచ్చు. బి.బి.సి. ఆ రోజుల్లో మర్యాదలకు, పద్ధతులకు పెట్టింది పేరు. అలాంటి సంస్థ అధిపతి తన కింది వారికి వదలక ఈ కబురు తానే చెప్పాలనుకున్నారంటే, హ్యాండ్లీ ఆ దేశానికి ఏమయ్యారో తెలుసుకోవలసిందే.

లివర్‌పూల్ కుర్రవాడు

థామస్ రెజినాల్డ్ హ్యాండ్లీ 1892 జనవరి 17న లివర్‌పూల్ నగరంలోని టాక్స్‌టెత్ పార్కు ప్రాంతంలో జన్మించారు. తండ్రి పాడి పశువులతో జీవనం సాగించేవారు. కొడుకు పసివాడుగా ఉండగానే ఆయన కాలం చేశారు. పిల్లవాడిని తల్లి పెంచింది. మంచి కంఠం ఉండటంతో పాట మీదికి, పాట నుంచి నాటకం మీదికి మనసు పోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకాదళానికి చెందిన వైమానిక విభాగంలో పనిచేశారు. యుద్ధం ముగిశాక ఊరూరా తిరిగే నాటక బృందాలలో చేరి పొట్టపోసుకున్నారు.

సైనిక శిబిరంలో క్రమశిక్షణ విచారణను వెక్కిరించే 'ది డిసార్డర్లీ రూమ్' అనే చిన్న ప్రహసనం ఆయనకు తిండి పెట్టింది. దాన్ని ఏళ్ల తరబడి ఊళ్లు తిప్పారు. 1924లో రాజదంపతుల ఎదుట కూడా ప్రదర్శించారు. అయినా రంగస్థలం మీద ఆయన మొదటి వరుస నటుడేమీ కాదు. ఆ రోజుల్లో అలాంటి హాస్యగాళ్లు బ్రిటన్‌లో వందల మంది ఉండేవారు. ఆయనను వేరు చేసింది రేడియో.

బి.బి.సి. పుట్టి రెండు మూడేళ్లయినా కాకముందే హ్యాండ్లీ మైకు ముందుకు వెళ్లారు. 1925లో ప్రసారమైన 'రేడియో రేడియన్స్' అనే వినోద కార్యక్రమంలో పాల్గొన్నారు. చాలామంది రంగస్థల నటులకు మైకు కొరుకుడు పడలేదు. ఎదురుగా జనం లేరు, చప్పట్లు లేవు, వేషం లేదు, ముఖ కవళికలకు విలువ లేదు. హ్యాండ్లీకి అవేవీ అడ్డు కాలేదు. ఆయన ఆయుధం నాలుక. అక్షరం తడబడకుండా, ఊపిరి తీసుకున్నట్టు తెలియకుండా, గుక్క తిప్పుకోకుండా మాట మీద మాట వేయగలరు. కాగితం చూసి చదువుతున్నా అప్పటికప్పుడు తోచినది అంటున్నట్టే ఉండేది. ఇది చెప్పినంత తేలిక కాదు. రేడియోలో చదవడానికీ మాట్లాడటానికీ మధ్య ఉన్న అగాధాన్ని దాటలేక ఎందరో పెద్ద నటులు బోల్తా పడ్డారు.

1929లో గాయని జీన్ ఆలిస్టన్‌ను వివాహమాడారు. 1930 దశకంలో రొనాల్డ్ ఫ్రాంకావ్‌తో జతకట్టి ముర్గట్రాయిడ్, వింటర్‌బాటమ్ అనే జంటగా పేరు తెచ్చుకున్నారు. న్యూజిలాండ్‌లో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన టెడ్ కవానా ఆయనకు మాటలు రాసిపెట్టేవారు. ఈ స్నేహం చివరిదాకా నిలిచింది. ఒకరి కలం, ఒకరి గొంతు. రెండింటిలో ఏది లేకపోయినా రెండోది ఇంత దూరం వచ్చేది కాదు.

హిట్లరు పెట్టిన పేరు

1939లో ఒక కొత్త హాస్య కార్యక్రమం తలపెట్టారు. పేరు కోసం వెతుకుతున్నప్పుడు పత్రికలు పనికొచ్చాయి. ఆ ఏడాది హిట్లరు ఏదో ఒక దేశం మీద కన్నేశాడన్న వార్త లేని రోజు లేదు. 'డెయిలీ ఎక్స్‌ప్రెస్' పత్రిక విసిగిపోయి, వచ్చాడండీ మళ్లీ ఆ మనిషే అన్న అర్థంలో శీర్షికలు పెట్టింది. ఆ శీర్షికనే కార్యక్రమానికి పెట్టేసుకున్నారు. నాలుగు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు కలిపితే 'ఇట్మా' అయింది. హిట్లరుకు అతికించిన పేరు చివరకు హ్యాండ్లీకి అతుక్కుపోయింది. నియంతకు ఇంతకంటే అవమానం ఏం కావాలి?

1939 జూలై 12న మొదటి ప్రసారం జరిగింది. ప్రారంభంలో అంతగా రక్తి కట్టలేదు. నాలుగు ప్రసారాలు అయ్యేసరికి యుద్ధం ముంచుకొచ్చింది. సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. బి.బి.సి. వినోద కార్యక్రమాలన్నీ ఆపేసి వార్తలు, ప్రకటనలు, ఆర్గాన్ సంగీతం మాత్రమే వినిపించసాగింది. సినిమా హాళ్లు మూసేశారు. రాత్రిపూట వీధి దీపం లేదు. కిటికీలకు నల్ల తెరలు. చీకట్లో కూర్చున్న జనానికి రేడియో ఒక్కటే తోడు. అందులోనూ నవ్వు లేకపోతే ఎలాగని త్వరలోనే గగ్గోలు పుట్టింది. సెప్టెంబరు 19న ఇట్మా మళ్లీ మొదలైంది. బాంబుల భయంతో వినోద విభాగాన్ని అప్పటికే బ్రిస్టల్‌కు తరలించారు. బ్రిస్టల్ మీద కూడా బాంబులు పడటంతో 1941లో వేల్స్‌లోని బాంగర్‌కు చేర్చారు.

కార్యక్రమంలో హ్యాండ్లీ ఒక మంత్రి. ఆ శాఖ పేరు తెలుగులో చెప్పాలంటే చికాకులూ చిదంబర రహస్యాల శాఖ. యుద్ధకాలంలో రోజుకో కొత్త నిబంధన, రోజుకో కొత్త ఫారం, రోజుకో హెచ్చరిక. వాటితో వేసారిన ప్రజలు తమ మీద అధికారం చలాయించేవారిని తమ ఎదుటే ఉతికి ఆరవేస్తుంటే కడుపారా నవ్వుకున్నారు. శత్రువును వెక్కిరించడం అన్ని దేశాలూ చేశాయి. యుద్ధం నడుస్తుండగా సొంత సర్కారు గుమాస్తాగిరీని ప్రభుత్వ రేడియోలోనే వెక్కిరించనివ్వడం అందరికీ చేతకాదు. ఇది బెర్లిన్ రేడియోలో జరగదని ప్రతి శ్రోతకూ తెలుసు. నవ్వులోని బలం అక్కడే ఉంది.

తలుపు చప్పుడు

ఇట్మాలో కథ ఉండేది కాదు. ఒక తలుపు చప్పుడవుతుంది, ఎవరో వస్తారు, హ్యాండ్లీతో నాలుగు మాటలు విసురుకుంటారు, మళ్లీ తలుపు చప్పుడు. పదకొండు సెకన్లకో నవ్వు పుట్టించాలన్నది కవానా పట్టుదల. నిర్మాత ఫ్రాన్సిస్ వర్స్‌లీ శబ్దాలతో ఇంద్రజాలం చేయించేవారు. ఆ వారం పత్రికల్లో వచ్చినది ఆ వారమే హాస్యంలోకి ఎక్కాలి. అందుకని ప్రసారం ముందు దాకా రాతలో మార్పులు తప్పేవి కావు.

వచ్చే ప్రతి పాత్రకూ ఒక ఊతపదం. బకెట్ గలగలలతో వచ్చే పనిమనిషి మిసెస్ మాప్, వెళ్తూ వెళ్తూ పొడి అక్షరాలలో వీడ్కోలు చెప్పేది. దేశమంతా అదే వీడ్కోలు అలవాటు చేసుకుంది. కర్నల్ చిన్‌స్ట్రాప్ అనే రిటైరైన సైనికాధికారికి ఎవరు ఏమన్నా మందు పోస్తామన్నట్టే వినిపించేది. ఫోనులో బెదిరించే జర్మన్ గూఢచారి పేరు ఫుంఫ్. జాక్ ట్రెయిన్ అనే నటుడు ఖాళీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఆ గొంతు పుట్టించేవారు. పిల్లలు బళ్లలో గ్లాసులు పట్టుకుని ఫుంఫ్‌లైపోయారు. గూఢచారుల భయం నిజంగానే జనాన్ని పట్టి పీడిస్తున్న రోజులవి. ఆ భయాన్ని ఒక ఖాళీ గ్లాసు పోగొట్టింది. మీరు ముందంటే మీరు ముందని మర్యాదలకు పోయే ఇద్దరు సామాన్ల కూలీల మాటలను యుద్ధ విమానాల పైలట్లు దాడికి వరుస కట్టేటప్పుడు వాడుకునేవారట.

ఉచ్ఛదశలో కోటి అరవై లక్షల మంది విన్నారని చెబుతారు. 1942 ఏప్రిల్ 21న తర్వాతి కాలంలో రాణి అయిన ఎలిజబెత్ పదహారో పుట్టినరోజుకు విండ్సర్ కోటలో ఇట్మా ప్రదర్శించారు. ఒక రేడియో కార్యక్రమానికి అలాంటి పిలుపు రావడం అదే తొలిసారి. ఇంత పేరున్నా సినిమాలు ఆయనకు అచ్చిరాలేదు. 1943లో ఇట్మాను తెరకెక్కించారు గానీ, చెవితో చూసిన మనిషిని కంటితో చూసేసరికి జనానికి ఏదో తగ్గినట్టు అనిపించింది.

యుద్ధం 1945లో ముగిసింది. ఇట్మా ఆగలేదు. హ్యాండ్లీని టామ్‌టోపియా అనే ఊహా ద్వీపానికి గవర్నరును చేశారు. కొత్త నటులు వచ్చారు. డెరిక్ గైలర్ పోషించిన లివర్‌పూల్ కుర్రవాడి పాత్రకు ఫ్రిజ్‌బీ డైక్ అని పేరు పెట్టారు. అది లివర్‌పూల్‌లో బాంబులకు నేలమట్టమైన ఒక పెద్ద దుకాణం పేరు. ఆ ఊరివారికి ఆ పేరు వింటే నవ్వుతో పాటు మరేదో కూడా కలిగి ఉంటుంది. రేషను మాత్రం తగ్గలేదు. గెలిచిన దేశం అప్పుల్లో మునిగి, రొట్టెకు కూడా కార్డు పట్టుకుని వరుసలో నిలబడింది. యుద్ధంలో అవసరమైన నవ్వు శాంతిలోనూ అవసరమే అయింది.

వీధుల్లో జనం

అలాంటి సమయంలో హ్యాండ్లీ పోయారు. ఆయన చేయి తాకినవారు, ముఖాముఖి చూసినవారు కొద్దిమంది. అయినా అంతిమయాత్రనాడు లండన్ వీధుల్లో వేలాది జనం బారులు తీరారు. గోల్డర్స్ గ్రీన్ దహనవాటికలో అంత్యక్రియలు జరిగాయి. జనవరి నెలాఖరులో సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో సంస్మరణ ప్రార్థన ఏర్పాటు చేశారు. నెల్సన్, వెల్లింగ్టన్ వంటి యోధులు శాశ్వతంగా విశ్రమిస్తున్న మందిరమది. లోపల చోటు చాలక జనం బయటనే నిలబడిపోయారు. లండన్ బిషప్పు వాండ్ ప్రసంగిస్తూ, ఆయన పరిహాసంలో ద్వేషం లేదన్న సంగతిని ప్రత్యేకించి గుర్తుచేశారు. సొంత ఊరు లివర్‌పూల్‌లోని కెథడ్రల్‌లోనూ ప్రార్థన జరిపారు. ఒక హాస్యగాడికి రెండు మహానగరాల ప్రధాన మందిరాలలో నివాళి జరగడం అరుదైన సంగతి.

ఈ దుఃఖంలో వింత కూడా లేకపోలేదు. రాజు పోతే ఎలా ఏడవాలో, సేనాని పోతే ఎలా తలవంచాలో జనానికి తెలుసు. గొంతు మాత్రమే తెలిసిన మనిషి పోతే ఏం చేయాలో అప్పటికి ఎవరికీ అలవాటు లేదు. పదేళ్లు వారం వారం ఇంట్లోకి వచ్చినవాడు ఇంటి మనిషి కాక ఏమవుతాడు? బాంబులు పడిన రాత్రులు, కొడుకు ఉత్తరం రాని వారాలు, బతికి ఉన్నామని నవ్వుకున్న సాయంత్రాలు అన్నీ ఆ గొంతుతో ముడిపడ్డాయి. వీధుల్లో నిలబడినవారు ఆయనకొక్కరికే కాదు, ఆ పదేళ్లకు కూడా వీడ్కోలు చెప్పారనుకోవాలి.

ఇట్మా భవిష్యత్తు ఏమిటన్న ప్రశ్న మిగిలింది. రచయిత ఉన్నారు, నిర్మాత ఉన్నారు, నటులందరూ ఉన్నారు, శ్రోతలు ఉన్నారు. ఇంకొకరిని ఆయన కుర్చీలో కూర్చోబెట్టవచ్చు. సంపాదన దృష్ట్యా ఎంతోమందికి అదే మేలు. కానీ కార్యక్రమం పేరులోని ఆ మనిషి ఆయనే. ఆయన లేకుండా ఇట్మా లేదని నిర్ణయించారు. ఒక్క రోజులో కార్యక్రమం ముగిసిపోయింది. తలుపు చప్పుడు, బకెట్ గలగలలు, కర్నల్ దాహం అన్నీ ఆయనతో పాటే వెళ్లిపోయాయి. నటులలో కొందరికి తర్వాత మంచి రోజులే వచ్చాయి. తిండిపోతు అమ్మాయిగా నవ్వించిన హాటీ జాక్వెస్ సినిమాల్లో, టెలివిజన్‌లో పెద్ద పేరు సంపాదించారు. వర్స్‌లీ అదే ఏడాది కన్నుమూశారు. కవానా తన మిత్రుని జీవితచరిత్రను 1949లోనే వెలువరించి, 1958లో మరణించారు.

ఇట్మా రికార్డింగులు కొన్ని మిగిలి ఉన్నాయి. ఈనాడు వింటే సగం మాటలు అర్థం కావు. ఏ మంత్రి మీద విసురు, ఏ రేషను ఉత్తర్వు మీద శ్లేష అన్నది చెప్పేవారుంటే గాని తెలియదు. ఆ వారం కోసం రాసిన హాస్యం ఆ వారంతోనే వాడిపోవడం సహజం. అయితే జోకులు అర్థం కాకపోయినా, తడబాటు లేకుండా పరుగెత్తే ఆ గొంతులోని హుషారు మాత్రం తెలుస్తుంది. లండన్ పాడింగ్టన్ ప్రాంతంలో క్రావెన్ రోడ్డు 34వ నంబరు ఇంట్లో ఆయన నివసించారు. 1980లో ఆ ఇంటి గోడకు నీలిరంగు ఫలకం అమర్చారు. దాని మీద ఆయన పేరు పక్కన రేడియో హాస్యనటుడని రాసి ఉంది.