సంతకంలో మిగిలిన పేరు



మన సంఘాల్లో మిషనరీల పేర్లు పెట్టుకున్నవారు చాలామందే ఉన్నారు. పెద్దవారి పేరు మోయడం ఎంత బరువో చూపే ఒక జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాము.

ఎలియాస్ బూడినాట్ 1740లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. న్యూజెర్సీలో న్యాయవాది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఖైదీల బాగోగులు చూసే బాధ్యత వహించి, సర్కారు సొమ్ము చాలనప్పుడు సొంత డబ్బు ఖర్చుపెట్టారు. 1782-83లో కాంటినెంటల్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు. 1816లో అమెరికన్ బైబిల్ సొసైటీ ఏర్పడినప్పుడు దాని మొదటి అధ్యక్షులు ఆయనే.

1818లో చెరోకీ జాతి యువకుడు బక్ వాటీ, కనెక్టికట్‌లోని కార్న్‌వాల్ మిషన్ పాఠశాలకు వెళ్తూ దారిలో ఆ పెద్దాయనను కలిశాడు. ఆయన పేరునే తన పేరుగా చేసుకున్నాడు. ఆ పేరుతోనే చదువుకున్నాడు. 1826లో హారియెట్ గోల్డ్ అనే తెల్ల యువతిని పెండ్లాడాడు. ఈ పెండ్లి మాట బయటపడగానే ఊరివారు వారి దిష్టిబొమ్మలు తగలబెట్టారు. పాఠశాల పెద్దలే ఆ సంబంధాన్ని ఖండించారు. క్రీస్తు పేరు మోసేవారు చేసిన పని అది.

అయినా ఆయన విశ్వాసం విడువలేదు. 1828లో 'చెరోకీ ఫీనిక్స్' పత్రికకు తొలి సంపాదకులయ్యారు. మిషనరీ శామ్యూల్ వుస్టర్‌తో కలిసి లేఖన భాగాలను చెరోకీలోకి అనువదించారు.

ఇంతలో జార్జియా రాష్ట్రం చెరోకీల భూమిపై కన్నేసింది. ఇక నిలువలేము, పడమరకు పోవడమే మేలని బూడినాట్ నమ్మారు. ఎన్నికైన నాయకుడు జాన్ రాస్, ప్రజల్లో అత్యధికులు ఒప్పుకోలేదు. అయినా 1835 డిసెంబరు 29న న్యూ ఎకోటాలో, కొద్దిమందితో కలిసి భూమినంతా అప్పగించే ఒప్పందంపై ఆయన సంతకం చేశారు. 1838లో సైనికులు ప్రజలను ఇళ్ల నుండి వెళ్లగొట్టారు. దారిలోనూ శిబిరాల్లోనూ వేలమంది చనిపోయారు. 1839 జూన్ 22న స్వజనులే ఆయనను చంపారు.

ఆ హత్యను మేము సమర్థించము. ఆయన ఉద్దేశాన్నీ శంకించము. కానీ జనాన్ని అడగకుండా జనం పక్షాన సంతకం చేశారు. ఆయన అనువాదం సంగతి తెలియనివారికి కూడా ఆ సంతకం తెలుసు.

మిషన్ కట్టిన స్థలాలు, బడులు, ఆసుపత్రులు నేడు మన చేతుల్లో ఉన్నాయి. కమిటీలలో కూర్చున్న సహోదరులారా, సంఘం పక్షాన కలం పట్టేముందు సంఘాన్ని అడిగామా? ఈ మాట మాతో సహా అందరికీ.