మండిన పొయ్యిరాళ్లు... కదిలొచ్చిన కింగ్ దొర

భద్రాద్రి రాముణ్ణి చూడ్డానికి బయల్దేరిన యాత్రికులు దారిలో ఇల్లెందు దగ్గర ఆగారట. వంటకోసం అక్కడే దొరికిన మూడు నల్లరాళ్లు తెచ్చి పొయ్యి పెట్టుకున్నారు. కాసేపటికి కట్టెలతోపాటు రాళ్లూ అంటుకున్నాయి! సింగరేణి బొగ్గు గురించి ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట ఇది. ఆ వంట ఎవరు చేశారో ఎవరూ రాసిపెట్టలేదు. 1871లో అక్కడికొచ్చి అది బొగ్గేనని తేల్చిన శాస్త్రవేత్త పేరు మాత్రం నిలిచిపోయింది. సింగరేణిలోని ముఖ్యమైన బొగ్గుపొరల్లో ఒకదాన్ని ఈనాటికీ ‘కింగ్ సీమ్’ అంటారు. ఆయనే డాక్టర్ విలియం కింగ్.

కింగ్‌కి రాళ్లపిచ్చి ఇంట్లోనే అబ్బింది. తండ్రి పేరూ విలియం కింగే. ఐర్లండ్‌లోని గాల్వేలో ప్రొఫెసర్. 1864లో నియాండర్తల్ మానవుడికి శాస్త్రీయ నామం పెట్టింది ఆ పెద్దాయనే. కొడుకు 1857లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరి మద్రాసు రాజధాని ప్రాంతానికొచ్చారు. 1863లో బ్రూస్ ఫుట్‌తో కలిసి మద్రాసు సమీపంలోని అత్తిరంపాక్కంలో ఆదిమానవుల రాతి పనిముట్లు కనుగొన్నారు. కడప, కర్నూలు రాళ్లమీద ఆయన రాసిన పెద్ద నివేదిక 1872లో వచ్చింది. తర్వాత గోదావరి వైపు తిరిగారు.

జంగారెడ్డిగూడెం, చింతలపూడి, ద్వారకా తిరుమల... ఈ మెట్టప్రాంతంలో ఆయనకు పని బాగా దొరికింది. ఈశాన్యంగా చూస్తే పాపికొండలు. ఒకప్పటి మట్టీ ఇసుకా భూమి లోతుల్లోకి దిగి, వేడికీ ఒత్తిడికీ ఉడికి, గట్టి రాళ్లయి మళ్లీ పైకి లేస్తే ఏర్పడినవే ఈ తూర్పు కనుమలు. అదంతా సుమారు 160 కోట్ల నుంచి 100 కోట్ల ఏళ్ల కిందటి మాట. హిమాలయాల వయసు ఐదు కోట్ల ఏళ్లే!

చాలాకాలానికి గోదావరి పొడవునా నేల కుంగింది. ఆ పల్లంలోకి నదులు ఇసుకనూ చెట్లనూ తెచ్చిపోశాయి. పూడిపోయిన ఆ చెట్లే పాతిక కోట్ల ఏళ్లు దాటాక మనం తవ్వుకుంటున్న బొగ్గు.

ఈ వయసులు లెక్కగట్టే పరికరాలు కింగ్ కాలంలో లేవు. ఏ పొరమీద ఏ పొర ఉందో చూసి, రాతిలో ఆకుల ముద్రలూ గవ్వలూ వెతికి, ఏది ముందో ఏది వెనకో చెప్పాల్సిందే. అలా తిరిగి 1880లో గోదావరి జిల్లా తీరప్రాంతపు రాళ్లమీద నివేదిక ఇచ్చారు. అడుగున గొల్లపల్లి ఇసుకరాయి, దానిమీద రాఘవాపురం మట్టిపలక, అన్నిటికంటే పైన తిరుపతి ఇసుకరాయి. మూడూ మన ఊళ్ల పేర్లే! ఇక్కడ తిరుపతంటే మన ద్వారకా తిరుమల, చిన తిరుపతి.

రాఘవాపురం రాతిలో సముద్రజీవుల ఆనవాళ్లు దొరికాయి. అంటే ఇప్పుడు పొగాకూ మొక్కజొన్నా పండే మెట్టమీద ఒకప్పుడు అలలు ఆడాయన్నమాట. అంటార్కిటికాతో అతుక్కుని ఉన్న మన తూర్పుతీరం సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోవడంతో సముద్రం లోపలికొచ్చింది.

డెల్టాలో చమురుబావులు తవ్వే ఇంజనీర్లు వేల అడుగుల లోతులో తగిలే పొరలను ఇప్పటికీ ఈ పేర్లతోనే పిలుస్తారు. కృష్ణా గోదావరి ప్రాంతపు చమురూ గ్యాసూ పుట్టిన పొరల్లో రాఘవాపురానిదీ ఒకటి. పొయ్యిరాళ్ల దగ్గర మొదలైన కథ గ్యాసుపొయ్యి దాకా వచ్చింది చూశారా!

కింగ్ 1887లో ఆ సంస్థకు డైరెక్టరయ్యారు. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది. 1894లో ఆయన పదవీ విరమణ చేశారు.

ఈసారి చిన తిరుపతి వెళ్లినప్పుడు పిల్లలు జేబునిండా రాళ్లు ఏరుకొస్తే కసురుకుని పారేయించకండి. ఏ రాయి ఎక్కడ దొరికిందో చీటీ రాసి పెట్టుకోమనండి. కింగ్ పని కూడా అక్కడే మొదలయ్యేది.