చెరసాలలో నెమ్మది - జాన్ బన్యన్ జీవితం



ఈసారి గోడ పత్రికలో జాన్ బన్యన్ గారి జీవితం రాస్తున్నాను. ఆయన రాజు కాదు, పెద్ద చదువులు చదివినవాడు కాదు. గిన్నెలకు మాట్లు వేసి బతికిన మనిషి. దేవుని మాటలు చెప్పినందుకు ఆయన్ని 12 సంవత్సరాలు జైలులో పెట్టారు. ఆయనకు నెమ్మది దొరికింది కూడా ఆ జైలులోనే. ఎలా దొరికిందో తెలుసుకుందాం.

బన్యన్ 1628వ సంవత్సరంలో ఇంగ్లండు దేశంలో బెడ్‌ఫర్డ్ పట్టణం దగ్గర ఎల్‌స్టో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి చిల్లులు పడిన గిన్నెలు బాగుచేసేవాడు. వాళ్లు చాలా బీదవాళ్లు. అయినా కొడుకును బడికి పంపి చదవడం, రాయడం నేర్పించారు. తర్వాత తండ్రి పనిలో పడిపోయి బన్యన్ ఆ చదువు చాలావరకు మరిచిపోయాడు. 1644లో తల్లి చనిపోయింది. మరుసటి నెలలో చెల్లెలు మార్గరెట్ కూడా చనిపోయింది. అప్పుడు రాజుకు, పార్లమెంటుకు యుద్ధం జరుగుతుండేది. బన్యన్ పార్లమెంటు సైన్యంలో పనిచేసి ఇంటికి తిరిగి వచ్చాడు.

పెళ్లయినప్పుడు ఆ భార్యాభర్తలకు ఇంట్లో పళ్లెం, గరిటె కూడా లేవు. కానీ ఆమె తన తండ్రి ఇచ్చిన రెండు దేవుని పుస్తకాలు తెచ్చుకుంది. ఇద్దరూ కలిసి అవి చదివేవాళ్లు. మరిచిపోయిన చదువు అట్లా మళ్లీ వచ్చింది. 1650లో వాళ్లకు మొదటి కూతురు పుట్టింది. పేరు మేరీ. ఆ పాపకు కళ్లు కనిపించవు.

బన్యన్‌కు చిన్నప్పటి నుంచి బూతులు తిట్టే అలవాటు ఉండేది. దేవుడు తనను క్షమించడేమో అని కొన్ని సంవత్సరాలు చాలా భయపడ్డాడు. ఒకరోజు పని మీద బెడ్‌ఫర్డ్ వెళ్లినప్పుడు ముగ్గురు నలుగురు బీద ఆడవాళ్లు గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని దేవుని గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్ల ముఖాల్లోని సంతోషం చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. తర్వాత వాళ్ల సంఘంలోనే చేరి ప్రసంగాలు చెప్పసాగాడు. గిన్నెలు బాగుచేసేవాడు చెబుతున్నాడంటే జనం గుంపులుగా వచ్చేవారు.

1658లో మొదటి భార్య నలుగురు పిల్లలను వదిలి చనిపోయింది. మరుసటి ఏడు ఎలిజబెత్ అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు.

1660లో రెండవ చార్లెస్ రాజు అయ్యాడు. ప్రభుత్వ చర్చి బయట కూటాలు పెట్టి ప్రసంగించేవాళ్లను పట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ సంవత్సరం నవంబరు 12న బన్యన్ ఒక పల్లెలో ప్రసంగించాలి. పట్టుకోవడానికి వస్తున్నారని ముందే తెలిసింది. వెళ్లిపొమ్మని చెప్పారు కూడా. ఆయన పొలంలో కొంచెంసేపు నడుస్తూ ఆలోచించాడు. తాను పారిపోతే కొత్తగా నమ్మినవాళ్లు బెదిరిపోతారు అనుకుని తిరిగి వచ్చాడు. అక్కడే పట్టుకున్నారు.

ఈ వార్త వినగానే ఎలిజబెత్‌కు నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. పుట్టిన బిడ్డ బతకలేదు. సవతి పిల్లలు నలుగురూ ఇంకా చిన్నవాళ్లు. అయినా 1661లో ఆమె జడ్జీల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి అర్జీ పెట్టింది. మాథ్యూ హేల్ అనే జడ్జి జాలిపడ్డాడు, మిగతావాళ్లు కసిరారు. ప్రసంగించడం మానేస్తే వదిలేస్తామన్నారు. మాట్లాడగలిగినంత కాలం తన భర్త మానడని ఆమె ధైర్యంగా చెప్పింది.

మొదట వేసిన శిక్ష మూడు నెలలే. అప్పటికీ మాట వినకపోతే దేశం నుంచి వెళ్లగొడతామని, చెప్పకుండా తిరిగి వస్తే ఉరి తీస్తామని బెదిరించారు. మానేస్తానని ఒక్క మాట అంటే చాలు, ఇంటికి వెళ్లవచ్చు. ఆ మాట ఆయన అనలేదు. మూడు నెలలు కాస్తా 12 సంవత్సరాలు అయ్యాయి.

జైలులో ఆయన లేసులు తయారుచేసి, కొసలకు రేకు ముక్కలు బిగించి అమ్మించేవాడు. ఆ డబ్బులు ఇంటికి పంపేవాడు. ఆయనకు ఎక్కువ బాధ మేరీ గురించే. కళ్లు లేని పిల్ల ఆకలితో, చలితో అడుక్కుంటుందేమో అని గుండె పగిలేలా ఏడ్చేవాడు. మనల్ని హాస్టల్‌లో దింపి అమ్మ వెనక్కి తిరిగి వెళ్లినప్పుడు ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. ఆయనకు అది ఎన్నో ఏళ్లు.

ఇంకో భయం కూడా ఉండేది. ఉరి వేస్తే నిచ్చెన ఎక్కేటప్పుడు కాళ్లు వణుకుతాయేమో, అది చూసి జనం దేవుణ్ణి ఎగతాళి చేస్తారేమో అని. ధైర్యం ఇమ్మని చాలా రోజులు ప్రార్థించాడు. ధైర్యం రాలేదు. చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. దేవుడు ఓదార్చినా ఓదార్చకపోయినా సరే, తాను మాత్రం మాట తప్పకూడదు అనుకున్నాడు. భార్యాపిల్లలను కూడా దేవునికే అప్పగించాడు. అప్పుడు ఆయన మనసు కుదుటపడింది. నెమ్మది ముందు వచ్చి తర్వాత నిర్ణయం రాలేదు. నిర్ణయం ముందు, నెమ్మది తర్వాత.

1672లో విడుదలయ్యాడు. బెడ్‌ఫర్డ్ సంఘానికి కాపరి అయ్యాడు. తర్వాత ఇంకోసారి కొన్ని నెలలు జైలుకు వెళ్లాడు. మేరీ మాత్రం తండ్రి కన్నా ముందే కన్నుమూసింది. ఆయన కష్టాలన్నీ తీరిపోలేదని మనం గమనించాలి.

1678లో ఆయన పుస్తకం అచ్చయింది. వీపు మీద పెద్ద బరువుతో ఒక మనిషి దేవుని పట్టణానికి నడిచి వెళ్లే కథ అది. జైలులో ఉండగానే రాయడం మొదలుపెట్టాడని చెబుతారు. దానిని 200కు పైగా భాషల్లోకి మార్చారు. తెలుగులో దాని పేరు యాత్రికుని ప్రయాణము.

1688లో ఒక తండ్రికి, కొడుకుకు పడకపోతే రాజీ చేయడానికి గుర్రం మీద వెళ్లాడు. వచ్చేటప్పుడు వానలో తడిసి జ్వరం వచ్చి, ఆగస్టు 31న లండన్‌లో చనిపోయాడు. సమాధి అక్కడ బన్‌హిల్ ఫీల్డ్స్‌లో ఉంది.

మిత్రులారా! నెమ్మది అంటే ఏడుపు రాకపోవడం అని నేను అనుకునేదాన్ని. బన్యన్ ఏడ్చాడు, భయపడ్డాడు. అయినా నమ్మినదాన్ని వదలలేదు. ఏ మతం వాళ్లమైనా మనం ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఇదే. భయం పోయాక నిలబడదాం అని కూర్చోకూడదు. భయంతోనే నిలబడాలి.

- 9వ తరగతి విద్యార్థిని