ఖుస్రో ఫరాముర్జ్ రుస్తంజీ

ఖుస్రో ఫరాముర్జ్ రుస్తంజీ (1916 మే 22 - 2003 మార్చి) భారతదేశపు ప్రముఖ పోలీసు అధికారి. కె.ఎఫ్. రుస్తంజీగా ప్రసిద్ధుడు. సరిహద్దు భద్రతా దళానికి (బి.ఎస్.ఎఫ్.) ఈయన మొట్టమొదటి డైరెక్టర్ జనరల్. అంతకు పూర్వం ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూకు ముఖ్య భద్రతాధికారిగాను, మధ్యప్రదేశ్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గాను పనిచేశాడు. భారత తీరరక్షక దళం ఏర్పాటుకు దారితీసిన సంఘానికి అధ్యక్షత వహించాడు. జాతీయ పోలీసు కమిషన్‌లో సభ్యుడిగా ఉన్నాడు. ఆ హోదాలో బీహారు కారాగారాలను సందర్శించి, అక్కడి విచారణ ఖైదీల దుస్థితిపై 1979లో ఆయన వ్రాసిన రెండు వ్యాసాలు మన దేశంలో ప్రజా ప్రయోజన వ్యాజ్యాలకు నాంది పలికాయి.

బాల్యం, విద్యాభ్యాసం

రుస్తంజీ నాటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, నాగపూర్ సమీపాన ఉన్న కామ్టీ అనే ఊరిలో ఒక పారశీక కుటుంబంలో జన్మించాడు. నాగపూర్‌లో చదువుకున్నాడు. పట్టభద్రుడైన తరువాత నాగపూర్ సైన్సు కళాశాలలో కొంతకాలం డిమాన్‌స్ట్రేటరుగా పనిచేశాడు. 1938లో నాటి ఇండియన్ పోలీస్ సర్వీసుకు ఎంపికై సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ రాష్ట్రంలో ఉద్యోగ జీవితం ప్రారంభించాడు. దినచర్య వ్రాసుకోవడం ఆయనకు అలవాటు. ఉద్యోగంలో తాను చూసిన మనుషులను, సంఘటనలను, తన సందేహాలను సైతం అందులో నమోదు చేసేవాడు. ఈ అలవాటే తరువాతి కాలంలో ఆయన జీవితానికి ముఖ్యమైన ఆధారమయింది.

నెహ్రూ భద్రతాధికారిగా

1952 నుండి 1958 వరకు రుస్తంజీ ప్రధానమంత్రి నెహ్రూకు ముఖ్య భద్రతాధికారి. ఇది సులభమైన పని కాదు. గాంధీజీ హత్య జరిగి అప్పటికి ఎంతోకాలం కాలేదు. ఒకవైపు నెహ్రూకు తన చుట్టూ పోలీసులు ఉండడం ఇష్టం ఉండేది కాదు. సభలలో తడికెలు, తాళ్ళు దాటి జనంలోకి నడిచి వెళ్ళేవాడు. మరొకవైపు ఆయనను చూడడానికి వచ్చిన జనసమూహాల తొక్కిసలాటే ఒక ప్రమాదంగా ఉండేది. 1955 మార్చిలో నాగపూర్‌లో ఒక వ్యక్తి కత్తితో నెహ్రూ కారుపైకి ఎక్కిన సంఘటన కూడ ఈ కాలంలోనిదే.

ఆరేళ్ళపాటు ప్రధానిని అతి సమీపం నుండి చూసిన రుస్తంజీ ఆయన గుణగణాలను, కోపతాపాలను, ప్రయాణ విశేషాలను తన దినచర్యలో వ్రాసుకున్నాడు. తాను కాపాడుతున్న మనిషి పట్ల అభిమానం ఉన్నా, వ్రాతలో ఆయన లోపాలను దాచలేదు. ఈ భాగం రుస్తంజీ మరణానంతరం పుస్తకంగా వెలువడింది.

చంబల్ లోయలో

1958లో రుస్తంజీ మధ్యప్రదేశ్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమితుడై 1965 వరకు ఆ పదవిలో ఉన్నాడు. ఆనాడు రాష్ట్ర పోలీసు శాఖకు అధిపతి హోదా అదే. చంబల్ నది పరీవాహక ప్రాంతంలోని భిండ్, మొరేనా జిల్లాలు అప్పట్లో బందిపోటు ముఠాలకు నిలయాలు. వర్షపు నీటికి మట్టి కోసుకుపోయి ఏర్పడిన లోతైన గండ్లు మైళ్ళ తరబడి వ్యాపించి ఉండడంతో ముఠాలు దాగుకొనడానికి అనువుగా ఉండేవి. గ్రామస్థులు భయం చేతనో, బంధుత్వం చేతనో పోలీసులకు సమాచారం ఇచ్చేవారు కాదు.

ఈ ముఠా నాయకులలో గబ్బర్ సింగ్ క్రూరత్వానికి పేరుపడినవాడు. తన గురించి పోలీసులకు చెప్పారని అనుమానం కలిగితే గ్రామస్థుల ముక్కులు కోయించేవాడు. 1959 నవంబరు 13న పోలీసు దళం ఇతనిని ఎదురుకాల్పులలో హతమార్చింది. మరునాడు నెహ్రూ డెబ్బయ్యవ జన్మదినం కావడంతో రుస్తంజీ ఈ వార్తను ఆయనకు పుట్టినరోజు కానుకగా తెలియజేశాడు. 1975లో విడుదలైన షోలే అనే హిందీ చలనచిత్రంలోని ప్రతినాయకుని పేరుకు ఈ బందిపోటు పేరే ఆధారం.

1960 మేలో ఆచార్య వినోబా భావే చంబల్ లోయలో పాదయాత్ర చేయగా ఇరవై మంది వరకు బందిపోట్లు ఆయన ఎదుట ఆయుధాలు విడిచి లొంగిపోయారు. 1951లో తెలంగాణలోని పోచంపల్లిలో భూదానోద్యమాన్ని ఆరంభించిన వినోబాకు దేశమంతటా గొప్ప గౌరవం ఉండేది. అయినా రుస్తంజీ ఈ లొంగుబాటు జరిగిన తీరును బహిరంగంగా విమర్శించాడు. హత్యలు చేసినవారికి దక్కిన మన్ననను చూసి, వారి చేతిలో ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలు ఏమనుకోవాలన్నది ఆయన ప్రశ్న. ప్రాణాలకు తెగించి పోరాడిన పోలీసుల మనోధైర్యం కూడ దెబ్బతింటుందని ఆయన భావించాడు. ఈ విమర్శ అప్పట్లో వివాదాస్పదమైంది.

సరిహద్దు భద్రతా దళం

1965 వరకు పాకిస్తాన్‌తో గల సరిహద్దును శాంతి సమయంలో చాలావరకు ఆయా రాష్ట్రాల సాయుధ పోలీసులే కాపాడేవారు. ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క రకమైన శిక్షణ, ఆయుధాలు, ఆజ్ఞల వ్యవస్థ ఉండేవి. 1965 ఏప్రిల్ 9న కచ్ ప్రాంతంలోని సర్దార్ పోస్టు తదితర స్థావరాలపై పాకిస్తాన్ సైన్యం దాడి చేయడంతో ఈ ఏర్పాటులోని బలహీనత బయటపడింది. ఆ సంవత్సరపు యుద్ధం ముగిశాక, 1965 డిసెంబరు 1న కేంద్ర ప్రభుత్వ ఆధీనంలో సరిహద్దు భద్రతా దళం ఏర్పడింది. రుస్తంజీ దానికి తొలి అధిపతి.

వేర్వేరు రాష్ట్రాల నుండి వచ్చిన సుమారు 25 బెటాలియన్లను ఒకే దళంగా తీర్చిదిద్దడం ఆయన ముందున్న మొదటి పని. భాష, అలవాట్లు, జీతభత్యాలు వేరైన సిబ్బందికి ఒకే క్రమశిక్షణ, ఒకే గుర్తింపు కల్పించవలసి వచ్చింది. గ్వాలియర్ సమీపాన టేకన్‌పూర్‌లో శిక్షణా అకాడమీ ఏర్పడింది. 1968లో పార్లమెంటు ఈ దళానికి ప్రత్యేక చట్టం చేసింది. 1974 వరకు, అనగా దాదాపు తొమ్మిదేళ్ళు, రుస్తంజీయే దీనికి నాయకత్వం వహించాడు.

బంగ్లాదేశ్ విముక్తి

1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మారణకాండ ఆరంభించింది. కొద్దిరోజులకే అవామీ లీగ్ నాయకుడు తాజుద్దీన్ అహ్మద్ రహస్యంగా భారత సరిహద్దుకు చేరుకున్నాడు. తూర్పు ప్రాంత బి.ఎస్.ఎఫ్. అధికారి గోలక్ మజుందార్ ఆయనను కలుసుకుని కబురు పంపగా, రుస్తంజీ వెంటనే విమానంలో కలకత్తా చేరుకున్నాడు. ఆపైన తాజుద్దీన్‌ను ఢిల్లీకి చేర్చి ప్రధానమంత్రి ఇందిరా గాంధీతో సమావేశానికి ఏర్పాటు చేశారు. ఏప్రిల్ 17న మెహర్‌పూర్ ప్రాంతంలోని ఒక మామిడితోటలో బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసింది. ఆ స్థలానికే ముజీబ్‌నగర్ అని పేరు వచ్చింది. ఈ కార్యక్రమం వెనుక బి.ఎస్.ఎఫ్. సహాయం ఉంది. డిసెంబరులో యుద్ధం మొదలయ్యే వరకు ముక్తివాహిని యోధులకు తొలి దశలో ఆశ్రయం, శిక్షణ, ఆయుధాలు అందించిన సంస్థలలో బి.ఎస్.ఎఫ్. ముఖ్యమైనది.

తీరరక్షక దళానికి పునాది

బి.ఎస్.ఎఫ్. నుండి తప్పుకున్న తరువాత రుస్తంజీ కేంద్ర హోం మంత్రిత్వ శాఖలో ప్రత్యేక కార్యదర్శిగా 1976 వరకు పనిచేశాడు. సముద్ర మార్గాన సాగే దొంగ రవాణాను అరికట్టే విషయమై 1974లో ప్రభుత్వం ఆయన అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. తీరాన్ని కాపాడడానికి నౌకాదళానికి భిన్నమైన ప్రత్యేక దళం ఉండాలని ఈ సంఘం 1975లో సిఫారసు చేసింది. దాని ఫలితంగా 1977 ఫిబ్రవరి 1న తాత్కాలిక రూపంలోను, 1978 ఆగస్టులో చట్టబద్ధంగాను భారత తీరరక్షక దళం (ఇండియన్ కోస్ట్ గార్డ్) ఏర్పడింది.

జాతీయ పోలీసు కమిషన్

అత్యవసర పరిస్థితి ముగిశాక, పోలీసు వ్యవస్థను సమూలంగా పరిశీలించడానికి 1977 నవంబరులో జనతా ప్రభుత్వం ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్‌ను నియమించింది. పదవీ విరమణ చేసిన రుస్తంజీ అందులో సభ్యుడయ్యాడు. ఈ కమిషన్ 1979-81 మధ్య ఎనిమిది నివేదికలు సమర్పించింది. పోలీసులపై రాజకీయ ఒత్తిడిని తగ్గించడానికి రాష్ట్ర భద్రతా సంఘాలు, పోలీసు అధిపతులకు నిర్ణీత పదవీకాలం, 1861 నాటి పోలీసు చట్టం స్థానంలో కొత్త చట్టం మొదలైనవి ఇందులోని ముఖ్య సూచనలు. మూడవ నివేదికలో మరొక సంగతి కనిపిస్తుంది. పోలీసులు చేసే అరెస్టులలో దాదాపు 60 శాతం అనవసరమైనవి లేదా న్యాయసమ్మతం కానివని కమిషన్ తేల్చింది. ఈ మాట చెప్పిన కమిషన్‌లో జీవితమంతా పోలీసు శాఖలో గడిపినవారు ఉండడం గమనార్హం.

బీహారు కారాగారాలు, రెండు వ్యాసాలు

కమిషన్ పని మీద బీహారు వెళ్ళినపుడు రుస్తంజీ అక్కడి కారాగారాలను చూశాడు. అందులో ఉన్నవారిలో అత్యధికులు శిక్ష పడినవారు కారు, విచారణ కోసం ఎదురుచూస్తున్నవారు. వీరినే విచారణ ఖైదీలు అంటారు. చిన్న నేరారోపణలపై వచ్చి, జామీను కట్టే స్తోమత లేక, న్యాయవాదిని పెట్టుకునే దారి తెలియక, ఐదేళ్ళు, ఏడేళ్ళు, కొందరు అంతకంటె ఎక్కువ కాలం అక్కడే ఉండిపోయారు. నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కంటె ఎక్కువ కాలం విచారణ లేకుండానే గడిపినవారు కూడ వారిలో ఉన్నారు. సాక్షులుగానో, బాధితులుగానో రక్షణ పేరుతో తెచ్చి ఉంచిన స్త్రీలు సైతం కారాగారాలలో మగ్గుతున్నట్లు తరువాత న్యాయస్థానం ఎదుట వెల్లడయింది.

రుస్తంజీ ఈ విషయాన్ని నివేదికకు మాత్రమే పరిమితం చేసి ఊరుకోలేదు. 1979 జనవరి 8, 9 తేదీలలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ దినపత్రికలో రెండు వ్యాసాలు ప్రచురించాడు. అందులో కొందరు ఖైదీల పేర్లు, వారు ఎంతకాలంగా ఉన్నారన్న వివరాలు ఉన్నాయి. ఢిల్లీలో న్యాయవాది కపిల హింగోరాణీ వాటిని చదివి, వాటి ఆధారంగా సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ పిటీషను దాఖలు చేసింది. నిర్బంధంలో ఉన్న వ్యక్తిని న్యాయస్థానం ఎదుట హాజరుపరచమని కోరే పిటీషను ఇది. ఆనాటి పద్ధతి ప్రకారం బాధితుడు గాని, అతని బంధువు గాని దానిని వేయాలి. ఆ ఖైదీలలో ఎవరితోను పరిచయం లేని న్యాయవాది, పత్రికా వ్యాసాలు చేతబట్టుకుని రావడం అపూర్వం. అయినా న్యాయస్థానం దానిని స్వీకరించింది.

ఖైదీలలో ఒకరి పేరుమీదుగా ఈ కేసు హుస్సేనారా ఖాతూన్ కేసుగా ప్రసిద్ధి చెందింది. జస్టిస్ పి.ఎన్. భగవతి నాయకత్వంలోని ధర్మాసనం 1979లో వరుసగా ఆదేశాలు జారీచేసింది. సత్వర విచారణ రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని, పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించడం ప్రభుత్వ బాధ్యత అని స్పష్టం చేసింది. ఈ కేసు పర్యవసానంగా సుమారు 40,000 మంది విచారణ ఖైదీలు విడుదలయ్యారని అంచనా. ఇతరుల కోసం ఎవరైనా న్యాయస్థానాన్ని ఆశ్రయించే ప్రజా ప్రయోజన వ్యాజ్యం మన దేశంలో స్థిరపడడానికి ఈ కేసు మార్గం చూపింది.

పురస్కారాలు, రచనలు

రుస్తంజీకి భారత ప్రభుత్వం 1972లో పద్మభూషణ్, 1991లో పద్మవిభూషణ్ పురస్కారాలు ప్రదానం చేసింది. పదవీ విరమణ తరువాత ఆయన పోలీసు, భద్రతా విషయాలపై పత్రికలలో వ్యాసాలు వ్రాశాడు. ఆయన దినచర్యలను, వ్రాతలను మధ్యప్రదేశ్ కేడరుకు చెందిన ఐ.పి.ఎస్. అధికారి పి.వి. రాజగోపాల్ సంపాదకత్వం వహించి ఆంగ్లంలో రెండు పుస్తకాలుగా తెచ్చాడు.

* ఐ వజ్ నెహ్రూస్ షాడో (2006) - ప్రధాని భద్రతాధికారిగా అనుభవాలు
* ది బ్రిటిష్, ది బ్యాండిట్స్ అండ్ ది బోర్డర్‌మెన్ (2009) - ఆంగ్లేయుల పాలనా కాలం, చంబల్, సరిహద్దు దళం నాటి అనుభవాలు

మరణం, స్మృతి

రుస్తంజీ 2003 మార్చిలో, 86 సంవత్సరాల వయసులో మరణించాడు. టేకన్‌పూర్‌లోని బి.ఎస్.ఎఫ్. అకాడమీ ప్రాంగణంలో ఉన్న ఇంజనీరింగు కళాశాలకు రుస్తంజీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అని ఆయన పేరు పెట్టారు. బి.ఎస్.ఎఫ్. ఆయన పేరిట స్మారకోపన్యాసాలు నిర్వహిస్తున్నది.

జాతీయ పోలీసు కమిషన్ నివేదికలు చాలాకాలం అమలుకు నోచుకోలేదు. 1996లో పదవీ విరమణ చేసిన పోలీసు అధికారి ప్రకాశ్ సింగ్ మరికొందరితో కలిసి వాటి అమలు కోరుతూ సుప్రీంకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం వేశాడు. 2006 సెప్టెంబరు 22న న్యాయస్థానం పోలీసు సంస్కరణలపై కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు ఆదేశాలిచ్చింది. రుస్తంజీ సభ్యుడిగా ఉన్న కమిషన్ సూచనలు, ఆయన వ్యాసాల వల్ల తెరుచుకున్న మార్గం ద్వారానే న్యాయస్థానానికి చేరాయి. అప్పటికి ఆయన మరణించి మూడేళ్ళయింది.

విచారణ ఖైదీల సమస్య మాత్రం తీరలేదు. 2022 గణాంకాల ప్రకారం భారతదేశపు కారాగారాలలోని ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. గరిష్ఠ శిక్షలో సగకాలం నిర్బంధంలో గడిపిన విచారణ ఖైదీకి, మొదటిసారి నేరారోపణకు గురైనవారైతే మూడవ వంతు కాలానికే, విడుదలకు అవకాశం కల్పించే నిబంధన 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఉంది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు ఇది వర్తించదు. 1979లో రుస్తంజీ తన వ్యాసాలలో లేవనెత్తిన ప్రశ్నకు చట్టం క్రమక్రమంగా ఇస్తూ వచ్చిన సమాధానాలలో ఇది ఒకటి.